పత్తి లెక్క ఎవరి చేతిలో?

మరిపెడ వరంగల్–ఖమ్మం రోడ్డు మీది ఊరు. చుట్టుపక్కల జనం నోట అది మరిపెడ బంగ్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది గానీ, దాని పత్తి బతుకు మాత్రం ఇప్పటికీ ఉమ్మడి వరంగల్‌తోనూ పక్కనున్న ఖమ్మంతోనూ ముడిపడే ఉంది. ఇక్కడి ఊళ్లలోనూ తండాల్లోనూ ఏరిన పత్తి ఈ రోడ్డు పట్టుకొని ఒక చివర వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు, ఇంకో చివర ఖమ్మం వైపు, మధ్యలో ఏ జిన్నింగ్ మిల్లు కొంటానంటే అక్కడికి పోతుంది. మిల్లు గేటు దాటాక అది దూదిగా, గింజగా విడిపోతుంది; దూది 170 కిలోల బేలుగా బిగుసుకొని దూరపు నూలు మిల్లుకు ప్రయాణం కడుతుంది. ఫ్యాక్టరీల్లో డిజిటల్ మార్పు అనగానే చాలామందికి రోబోలూ సెన్సర్లూ గుర్తొస్తాయి. ఈ ప్రాంతపు రైతుకు తెలిసిన ఫ్యాక్టరీ మాత్రం జిన్నింగ్ మిల్లే. అక్కడ ఆ మార్పు ఫోన్లో స్లాట్ బుకింగ్‌గా, తేమ చూపే మీటరుగా, బేలు మీద క్యూఆర్ కోడ్‌గా వచ్చింది. ఈ పత్తి పనిలో గత నూరేళ్లలో యంత్రం ఎన్నోసార్లు మారింది. ప్రతిసారీ ఆ మార్పు నిలిచిందా కూలిందా, దానివల్ల ఎవరు బాగుపడ్డారు అన్నది తూకం, తేమ, రకం అనే మూడు లెక్కలు ఎవరి చేతికి పోయాయన్న దాన్నిబట్టే తేలిందని నేను అనుకుంటున్నాను. ఈ సంగతి పట్టించుకోని డిజిటల్ మార్పు ఎంత డబ్బు పోసినా పాత కాంటా తగాదానే కొత్త తెర మీద చూపిస్తుంది.

మర రాకముందు పత్తి గింజ తీయడం ఇంటి పని. చేతితో తిప్పే రెండు చిన్న కర్ర రోలర్ల మధ్య నుంచి దూది అవతలికి పోయేది, గింజ ఇవతల రాలేది. ఆ దూదిని విల్లుతో ఏకడం దూదేకులవారి వృత్తి, వడకడం ఆడవాళ్ల పని, నేయడం పద్మశాలీల పని. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వే పద్ధతి నేటికీ బతికే ఉందంటే, ఆ పాత పనిలో ఎంత సూక్ష్మమైన జ్ఞానం ఉండేదో ఊహించుకోవచ్చు. దూది పొడవు ఎంత, ఏ పత్తి నూలుకు పనికొస్తుంది, ఏది తడిసింది అన్న తీర్పు పనిచేసే వేళ్లలోనే ఉండేది. ఆ కాలం స్వర్గమని నేను చెప్పడం లేదు. దొరల వడ్డీలూ వెట్టీ ఉన్న సమాజం అది. కానీ సరుకు గుణం తెలిసినవాడూ సరుకు చేసేవాడూ ఒక్కరే కావడం ఆ పద్ధతిలోని అసలు విషయం. మర ఆ ఇద్దరినీ విడదీసింది.

1840లో అమెరికాలో మెకార్తీ అనే ఆయన పేటెంటు పొందిన రోలర్ జిన్ను మన దేశంలో బాగా నాటుకుపోయింది. ఎలీ విట్నీ 1790లలో చేసిన రంపపు జిన్ను వేగమైనదే అయినా పోగును తెంపుతుంది. మన పత్తికి రోలరే నప్పింది. ఇప్పటికీ తెలంగాణ మిల్లుల్లో వరసగా నిలబడి దడదడలాడేవి ఆ వంశానికి చెందిన డబుల్ రోలర్ జిన్నులే. దగ్గరికి వెళ్లి చూస్తే పని తీరు సులువుగా అర్థమవుతుంది. తోలు బిళ్లలతో చేసిన రెండు రోలర్లు, వాటికి ఆనించి బిగించిన కదలని కత్తులు, మధ్యలో ఊగుతూ ఉండే ఇంకో కత్తి. రోలరు గరుకుదనానికి దూది అంటుకొని కదలని కత్తి కిందికి లాగబడుతుంది. గింజ ఆ సందులో పట్టదు. ఊగే కత్తి దాన్ని కొట్టి కిందికి రాల్చేస్తుంది. క్వింటాలు పత్తికి సుమారు 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది, మిగతాదంతా గింజ, కొంత చెత్త, కొంత ఆవిరయ్యే తేమ. మిల్లు లాభనష్టాలన్నీ ఆ రెండు మూడు కిలోల తేడాలోనే ఉంటాయి. అందుకే జిన్నింగ్ వ్యాపారంలో యంత్రం తర్వాత అంత ముఖ్యమైనది లెక్కల పుస్తకం. వంద మంది రైతుల పత్తి ఒకే కుప్పలో పడ్డాక ఎవరిది ఎంత దూది ఇచ్చిందో ఆ పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. చాలాసార్లు దానికీ తెలియదు.

ఈ చిక్కును ప్రభుత్వాలు గమనించకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1917–19 మధ్య, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భారత పత్తి కమిటీ ముందు వచ్చిన ముఖ్యమైన ఫిర్యాదు కల్తీ. పొడుగు పోగు పత్తిలో పొట్టి పోగు కలపడం, నీళ్లు చల్లి తూకం పెంచడం, ఒక జిల్లా సరుకును ఇంకో జిల్లా పేరుతో అమ్మడం. ఆ కమిటీ సిఫారసుల నుంచే 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ, 1923లో పత్తి రవాణా చట్టం, 1924లో బొంబాయిలో పోగును పరీక్షించే ప్రయోగశాల, 1925లో జిన్నింగ్ అండ్ ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం వచ్చాయి. ఆ 1925 చట్టాన్ని ఇవాళ్టి కళ్లతో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ప్రతి బేలు మీద ఏ ప్రెస్సులో కట్టారో తెలిపే ముద్ర ఉండాలి, వరస సంఖ్య ఉండాలి. జిన్నింగ్ ఫ్యాక్టరీ ఎవరి పత్తిని ఎప్పుడు, ఎంత ఆడించిందో రిజిస్టరు రాయాలి. ఇప్పుడు బేలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియజేసే బ్లాక్‌చెయిన్ అని గొప్పగా చెప్పుకొనే ఆలోచన నూరేళ్ల కిందటి కాగితం మీద సిరాతో రాసి ఉంది. ఆ రిజిస్టరును చూసే హక్కు ఇన్‌స్పెక్టరుది. దానివల్ల మేలు కలిగింది బేలు కొనే దూరపు మిల్లుకు. పత్తి పండించినవాడికి ఆ చట్టంలో చోటు లేదు. అది చట్టం పెట్టుకున్న లక్ష్యమే, లోపం అనడానికి లేదు. దూరాన ఉన్న కొనుగోలుదారు నమ్మకం కోసం కట్టిన వ్యవస్థ అది, ఆ పని చేసిపెట్టింది.

ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం రాజ్యం దారి వేరు. ఇక్కడ తగాదా బేలు దగ్గర కాదు, కాంటా దగ్గర మొదలైంది. హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం 1339 ఫస్లీలో, అంటే 1930లో వచ్చింది. వ్యాపారి ఇంటి ముందు వ్యాపారి తూచే పద్ధతిని తీసేసి, లైసెన్సు ఉన్న తూకందారుతో బహిరంగంగా తూచాలన్నది దాని సారం. వరంగల్ మార్కెట్లో నేటికీ వినిపించే దడ్వాయి (తూకందారు), హమాలీ (మోత కూలీ), అడ్తిదారు (కమీషన్ వ్యాపారి), ఖరీదుదారు (కొనేవాడు) అనే నాలుగు మాటలూ, రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ అనే చీటీ ఈ ఏర్పాటులో భాగమే. ఆ చీటీ విలువను మనం తక్కువ చేసి చూస్తాం. ఎంత తూగింది, ఏ ధర పడింది, ఏమేం కోసుకున్నారు అన్నది రాసిన ఒక కాగితం రైతు జేబులోకి వచ్చింది. అప్పటిదాకా ఆ మూడూ వ్యాపారి నోటి మాట. స్వాతంత్ర్యం తర్వాత సేర్లూ మణుగులూ పల్లాలూ పోయి 1958 అక్టోబరు నుంచి కిలోలు రావడం, 1962 నాటికి అవే తప్పనిసరి కావడం ఇదే వరసలో ఇంకో మెట్టు. ఊరికో సేరు ఉన్నప్పుడు మోసపోవడానికి పెద్ద మోసగాడు అక్కర్లేదు. కొలత ఒకటయ్యాక చదువురాని రైతు కూడా పక్క ఊరి ధరతో పోల్చి అడగగలిగాడు. తరుగు పేరుతో కోత మాత్రం ఆగలేదు. కానీ తరుగు ఎంతో చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. ఈ రెండు మార్పుల్లోనూ కొత్త యంత్రం ఏమీ లేదు. లెక్క మాత్రం అవతలివాడి నోట్లోంచి రైతు చేతిలోని కాగితం మీదికి వచ్చింది, అందుకే అవి నిలిచాయి.

అజంజాహి మిల్లు కథ ఇందుకు తలకిందులుగా నడిచింది. ఏడో నిజాం తన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద 1934లో వరంగల్లో పెట్టించిన బట్టల మిల్లు అది. 1880లలోనే సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడ వైపు రైలు మార్గం వచ్చింది, సింగరేణి బొగ్గు దగ్గరే ఉంది, నిజాం ప్రభుత్వం 1929లో పరిశ్రమల కోసం ఒక ట్రస్టు నిధి ఏర్పాటు చేసింది. మిల్లుకు కావలసినవన్నీ చేతికందాయి. వడకడం, నేయడం రెండూ ఒకే ఆవరణలో జరిగే ఆ మిల్లు వరంగల్‌ను కార్మికుల ఊరుగా మార్చింది. వేల కుటుంబాలు దాని మీద బతికాయి. సంఘాలు, సమ్మెలు, వీధులు దాని చుట్టూ పెరిగాయి. 1974లో ఖాయిలా పడిన బట్టల మిల్లుల జాతీయకరణ చట్టం కింద దేశంలోని 103 మిల్లులు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కు పోయినప్పుడు అజంజాహి కూడా ఆ గూటికే చేరింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ, మాహేలకు కలిపి పెట్టిన అనుబంధ సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరు. దానిపైన ఢిల్లీ. ఏ కౌంటు నూలు తీయాలి, ఏ పత్తి కొనాలి, ఏ మగ్గం మార్చాలి అన్న ప్రశ్నకు జవాబు వరంగల్ షెడ్డులో దొరకని స్థితి అలా వచ్చింది. పేదలకు చౌక బట్ట నేయాల్సిన బాధ్యత ఈ కార్పొరేషన్ మిల్లుల మీద పడింది; మంచి ఉద్దేశమే, కానీ ఆ బట్టకు అయ్యే ఖర్చు, రావలసిన ధర రెండూ పై నుంచే తేలేవి. షెడ్డులో రోజూ పోగు తెగడం చూసే కార్మికుడికి, ఎందుకు తెగుతోందో తెలిసిన జాబరుకు (మేస్త్రీకి) ఆ లెక్కతో సంబంధం తెగిపోయింది. చివరికి నష్టాల పట్టికలు పారిశ్రామిక పునర్నిర్మాణ మండలి ముందుకు వెళ్లాయి. ఏ మిల్లు నడవాలి, ఏది మూతపడాలి అని దేశమంతటా తేల్చిన ఆ రోజుల్లో, 2002లో, అజంజాహి మూతపడింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మిల్లును చంపింది పాత యంత్రాలే గానీ లెక్కలు కాదు, మరమగ్గాల పోటీలో దేశమంతటా పెద్ద మిల్లులు కూలాయి, 1982 బొంబాయి సమ్మె తర్వాత అక్కడి మిల్లులకూ అదే గతి పట్టలేదా అని అడగవచ్చు. నిజమే. పన్నుల తేడాలు, కూలీ రేట్ల తేడాలు మరమగ్గాల వైపు మొగ్గాయి, మగ్గాలు పాతబడ్డాయి, సింథటిక్ బట్ట వచ్చింది. ఇవేవీ నేను కాదనను. అయితే పాత యంత్రం తనంతట తాను పాతగా ఉండిపోదు. దాన్ని ఎప్పుడు మార్చాలో తెలిసినవాడికి మార్చే అధికారం లేకపోతేనే అది పాతదిగా మిగిలిపోతుంది. సిరిసిల్ల మరమగ్గం యజమాని ఏ గుడ్డ పోతోందో, ఏది మిగిలిపోతోందో మరుసటి వారమే చూసి మగ్గం మీద పోగు మార్చగలడు. పెద్ద మిల్లుకు అదే మార్పు ఫైలుగా ప్రయాణం చేయాలి. రెండు యంత్రాల మధ్య తేడాకన్నా రెండు లెక్కల మధ్య ఉన్న ఈ దూరమే ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం. ముడిసరుకు కొరతను సాకుగా చెప్పడానికి అసలు వీల్లేదు. మిల్లు మూతపడే నాటికి దాని చుట్టూ పత్తి పొంగిపొర్లుతోంది.

ఆ పొంగు కథ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. కోస్తా నుంచి, ముఖ్యంగా గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు వరంగల్ నల్లరేగళ్లలో పత్తి సాగును పెంచారు. స్థానిక రైతులూ ఆ బాట పట్టారు. 1997–98లో పురుగు ఉధృతికి పంట పోయి అప్పుల పాలైన పత్తి రైతుల ఆత్మహత్యలతో వరంగల్ పేరు దేశమంతా వినిపించింది. అది ఈ జిల్లా మరచిపోలేని గాయం. 2000 ఫిబ్రవరిలో కేంద్రం పత్తి సాంకేతిక మిషన్ మొదలుపెట్టింది. దాని నాలుగు ఉప మిషన్లలో ఒకటి ప్రత్యేకంగా జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల ఆధునికీకరణకే. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. సాంకేతిక మిషన్ డబ్బుతో మిల్లుల్లో మనుషులు గంపలతో పత్తి మోసే చోట గొట్టాలూ బెల్టులూ వచ్చాయి, జిన్నులకు పత్తి తనంతట తాను అందే ఫీడర్లు వచ్చాయి, నేల మీద దొర్లే పత్తి సిమెంటు అరుగుల మీదికి చేరింది, దూదిలో చెత్త తగ్గింది. మంచి ఆధునికీకరణే అది. దాని విలువ మొత్తం బేలులో కనిపించింది, తక్‌పట్టీలో కనిపించలేదు. చెత్త లేకుండా ఏరి తెచ్చిన రైతుకు, చెత్తతో తెచ్చిన రైతుకు గేటు దగ్గర పడే ధరలో తేడా చూపే పద్ధతి ఆ పథకంలో లేదు. రైతుకు శుభ్రంగా ఏరడానికి కారణం లేకపోతే మిల్లు శుభ్రం చేసే యంత్రం మీద ఇంకా ఇంకా ఖర్చు పెట్టాల్సిందే.

అదే కాలంలో తెలంగాణలో ఇంకో రకం యంత్రం పుట్టింది, పోల్చి చూడటానికి అది బాగా పనికొస్తుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే కష్టం చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. పోచంపల్లి తరహా చీరకు అద్దకం ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ వేల సార్లు అటూ ఇటూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడాలి, భుజాలు పడిపోయేవి. ఆ యంత్రం ఆ పనిని గంటలకొద్దీ తగ్గించింది, తర్వాతి రూపాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దీన్ని నేను కరుణ కథగా చూడటం లేదు. మేకు మేకుకూ ఎన్ని పోగులు పడాలన్న లెక్క ఆసు పోసే ఇల్లాలిదే. యంత్రం వచ్చాక కూడా ఆ సంఖ్యను పెట్టేది ఆమే, మార్చేది ఆమే. పని యంత్రానికి వెళ్లింది, తీర్పు ఇంట్లోనే ఉండిపోయింది. చేనేతలోకి పై నుంచి వచ్చిన ఎన్నో పరికరాలు మూలన పడిన చోట ఇది వందల ఇళ్లకు చేరడానికి కారణం అదే.

ఇక ఇవాళ్టి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గరికి వద్దాం. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే జనం నోట సీసీఐ, మద్దతు ధరకు కొనేది ఈ మిల్లుల ఆవరణల్లోనే. 2025–26కు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు ప్రకటించిన ధర ₹8,110. ఆ ధర 8 శాతం తేమకు. ప్రతి అదనపు శాతానికి ధరలో ఒక శాతం, అంటే ₹81.10 కోత. 12 శాతం దగ్గర అది ₹7,785.60 అవుతుంది, 12 దాటితే కొనరు. మీటరుకు ఉన్న పొడుగాటి ముల్లును బండిలోని పత్తిలోకి గుచ్చుతారు, చిన్న తెర మీద అంకె కనిపిస్తుంది. పై పొరలో గుచ్చితే ఒకటి, అడుగున గుచ్చితే ఒకటి. మంచు కురిసే నవంబరు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఎండలో ఒకటి. రైతు దగ్గర మీటరు లేదు. ఇంట్లో నాలుగు రోజులు ఆరబెట్టిన పత్తి ఎంత శాతానికి వచ్చిందో ఆయనకు గేటు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి బండి కిరాయి అయిపోయి ఉంటుంది. మీటరు డిజిటల్, కానీ ఆ అంకె పుట్టే స్థలం, సమయం, చేయి మూడూ కొనేవాడివే. 1930కి ముందు వ్యాపారి ఇంటి ముందు కాంటాకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

2025లో సీసీఐ కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది. రైతు నమోదు చేసుకోవాలి, మిల్లుకు ఏ రోజు తేవాలో స్లాట్ తీసుకోవాలి. గేటు ముందు రోజుల తరబడి బారులు తీరే బాధ తప్పించాలన్న ఉద్దేశం సరైనదే. అయితే యాప్‌కు కావలసింది భూమి రికార్డు. తెలంగాణలో 2020 నాటి కొత్త పట్టా పాసుపుస్తకాల చట్టంలో, అప్పటి భూ రికార్డుల పోర్టల్ ధరణిలో, సాగు చేస్తున్నవారిని చూపే అనుభవదారు కాలమ్ తీసేశారు. కౌలు రైతు పేరు అక్కడే మాయమైంది. మరిపెడ చుట్టూ కౌలుకు పత్తి వేసేవాళ్లు, కాగితాలు పక్కాగా లేని తండా భూముల్లో వేసేవాళ్లు తక్కువ కాదు. ఒక చోట తీసేసిన గడి ఇంకో చోట తలుపు మూసేస్తుంది. పట్టాదారు పేరు మీద స్లాట్ తీసుకొని, డబ్బు ఆయన ఖాతాలో పడ్డాక అడిగి తెచ్చుకోవాల్సిన గతి కౌలు రైతుకు పడుతుంది. ఆ సీజన్‌లోనే నవంబరులో, ఎకరాకు 7 క్వింటాళ్లే కొంటామన్న పరిమితి మీద రైతులు రోడ్డెక్కారు. అదే నవంబరులో మిల్లుల కేటాయింపు నిబంధనల మీద జిన్నింగ్ మిల్లులూ కొనుగోళ్లు ఆపేశాయి. ఎకరాకు ఎంత దిగుబడి అన్న అంకెను ఎవరు, ఏ పొలాల్లో చూసి వేశారు అన్నదే రైతుల గొడవ. రైతూ మిల్లు యజమానీ ఒకే నెలలో ఒకే వ్యవస్థ మీద తిరగబడ్డారంటే, ఆ వ్యవస్థ ఇద్దరినీ అడగకుండా కట్టినదన్నమాట.

డిజిటల్ వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది, గట్టిగానే జరిగింది. మద్దతు ధర డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు పోతోంది. మధ్యలో చేతివాటం తగ్గింది. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఆన్‌లైన్ జాతీయ మార్కెట్ ఈ-నామ్‌లో తొలి విడతలోనే చేరిన తెలంగాణ మార్కెట్లలో వరంగల్ ఉంది; ధర ఎంత పలికిందో తెర మీద చూడగలగడం చిన్న విషయం కాదు. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక పాత రాళ్ల తూకాల మోసాలు చాలా తగ్గాయి. నా వాదన వీటికి విరుద్ధం కాదు, నిజానికి వీటి మీదే నిలబడింది. ఈ మూడూ ఎందుకు నచ్చాయో చూడండి. ఖాతాలో పడ్డ డబ్బు రైతుకు కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, తూకం కనిపిస్తుంది. అంకె ఆయన వైపుకు తిరిగి ఉన్న ప్రతిచోటా మార్పును ఆయన ఒప్పుకున్నాడు. తేమ దగ్గర, దిగుబడి పరిమితి దగ్గర, నాణ్యత దగ్గర అంకె అవతలి వైపుకు తిరిగి ఉంది. తగాదాలన్నీ అక్కడే.

మిల్లు యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా వినదగినదే. జిన్నింగ్ ఏడాదిలో నాలుగైదు నెలల పని. మిగతా కాలం షెడ్డు ఖాళీ. కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ, హమాలీల కొరత, సీసీఐ అడిగే దూది శాతం అందించకపోతే పడే కోత, వీటి మధ్య ఇంకా సాఫ్ట్‌వేర్ అంటే ఎవరు భరిస్తారు? ఈ ఇబ్బంది నిజం. ఇందువల్లే చాలా మిల్లుల్లో కంప్యూటర్ వేబ్రిడ్జి దగ్గర, పన్నుల గదిలో ఆగిపోయింది. జిన్నుల వరస దగ్గరికి రాలేదు. 2017 జీఎస్టీ కోసం, ఈ-వే బిల్లు కోసం కొన్న కంప్యూటర్ ప్రభుత్వానికి జవాబు చెప్పడానికి కొన్నది. ఏ కుప్పలోంచి ఎంత శాతం దూది వచ్చింది, ఏ జిన్నుకు రోలరు అరిగి గింజ పగులుతోంది, ఏ ఫిట్టరు సర్దితే శాతం పెరిగింది అన్నవి యజమానికే లాభం తెచ్చే లెక్కలు. వీటికి భారీ పెట్టుబడి అక్కర్లేదు. వేబ్రిడ్జి చీటీని, కుప్ప సంఖ్యను, ప్రెస్సు దగ్గరి బేలు సంఖ్యను ఒకదానికొకటి ముడివేస్తే చాలు. కానీ ఆ ముడి వేసేది జిన్ను దగ్గర నిలబడ్డ మనిషి. ఆ లెక్క తనను పట్టుకోవడానికి వాడతారని అనుకుంటే అతను నిజం రాయడు. శాతం పెరిగితే అతనికీ వాటా ఉంటే రాస్తాడు. అజంజాహిలో జాబరు చేతికి అందని లెక్క ఇక్కడ ఫిట్టరు చేతికి అందించడం మిల్లు యజమాని చేయగలిగిన పని, చేస్తే లాభపడే పని.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం కుప్పది. వంద మంది పత్తి కలిసిపోయాక ఎవరి నాణ్యత ఎంతో చెప్పడం అసాధ్యం కదా? ఒక్కో రైతుకు విడిగా చెప్పడం అవును, ఇప్పటికి అసాధ్యమే. బేలు కట్టాలంటే సుమారు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. చిన్న రైతు తెచ్చే ప్రతి లోడునూ విడిగా ఆడించడం మిల్లుకు గిట్టదు. కానీ ఒక్కో ఊరికి చెప్పడం సాధ్యమే, అందుకు కావలసినవన్నీ ఇప్పటికే మిల్లులో ఉన్నాయి. సీసీఐ బేళ్లకు ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది. పత్తి ఏ ప్రాంతానిదో, ఏ ఫ్యాక్టరీలో కట్టారో, నాణ్యత ఎంతో అందులో ఉంటాయి. హెచ్‌వీఐ యంత్రం మీద పోగు పొడవు, బలం, మందం, రంగు కొలుస్తారు. కస్తూరి కాటన్ అనే భారత పత్తి ముద్ర కూడా ఈ జాడ మీదే నిలబడింది. ఇవన్నీ ప్రస్తుతం పైకే పోతున్నాయి: మిల్లు నుంచి నూలు మిల్లుకు, అక్కడి నుంచి విదేశీ బట్టల కంపెనీకి. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వరంగల్ పక్కనే గీసుగొండ, సంగెం మండలాల్లో లేస్తోంది. 2023లో కేంద్రపు పీఎం మిత్ర పథకం కిందికీ వచ్చింది. అక్కడ మొదట ఉత్పత్తి మొదలుపెట్టిన ఫ్యాక్టరీల్లో ఒకటి వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పోగు తీస్తుంది. పత్తి జిల్లాలో పత్తికి బదులు ప్లాస్టిక్ అని ఆక్షేపించాల్సిన పని లేదు, కానీ పక్క ఊళ్ల పత్తి గుణం ఆ పార్కులోని మిల్లుకు తెలిస్తే, ఆ మిల్లుకు ఏ పోగు కావాలో పక్క ఊళ్లకు తెలిస్తే, పత్తి దూర ప్రయాణం కట్టే అవసరం తగ్గుతుంది.

అంకెను రైతు వైపుకు తిప్పే దారులు ఉన్నాయి. తేమ మీటర్లు వ్యవసాయ శాఖ దగ్గర, రైతు వేదికల దగ్గర పెట్టి, బండి ఎక్కించకముందే రైతు కొలుచుకునే వీలు కల్పించవచ్చు. గేటు దగ్గర మూడు చోట్ల గుచ్చి మూడు అంకెలూ చీటీ మీద అచ్చు వేయవచ్చు. స్లాట్ యాప్‌లో సాగుదారు పేరుకు ఒక గడి, పట్టాదారు పేరుకు ఒక గడి పెట్టవచ్చు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే వచ్చింది. హెచ్‌వీఐ ఫలితాన్ని ఊరి వారీగా సగటు తీసి, ఆ వారం పత్తి అమ్మిన రైతులందరి ఫోన్లకు తెలుగులో పంపడానికి అదనంగా ఏ యంత్రమూ కొనక్కర్లేదు. మీ ఊరి పత్తి పోగు ఇంత పొడవు వచ్చింది, చెత్త ఇంత ఉంది, పక్క ఊరిది ఇంత అని తెలిసిన రైతు వచ్చే వానాకాలం ఏ విత్తనం కొనాలో, ఏరే కూలీలకు ఏం చెప్పాలో ఆలోచిస్తాడు. ఆ సమాచారంతో ఏ ఊరి పత్తికైనా కొంచెం ఎక్కువ ధర ఇవ్వడానికి ఒక్క మిల్లు ముందుకొచ్చినా, మిగతా మిల్లులు దాన్ని చూస్తూ ఊరుకోలేవు.